నారింజ వేరు మీద నిమ్మ

తారూత్ దీవి, ఖతీఫ్ దగ్గర
శుక్రవారం, మధ్యాహ్నం వంట అయ్యాక

పెద్దక్కకు, నీ చెల్లెలు రమణ కాళ్లకు దండం పెట్టి రాస్తున్న సంగతులు.

నేనిక్కడ కులాసాగా ఉన్నాను. వేళకు తింటున్నాను, నిద్ర బాగా పడుతోంది. నువ్వు భయపడినట్టు చిక్కిపోలేదు, మొన్న కొనుక్కున్న నైటీ అప్పుడే బిగుతైంది. నీ మోకాలు ఎట్లా ఉంది? డాక్టరు ఇచ్చిన పట్టీ కట్టుకుంటున్నావా, గూట్లో పెట్టి మరిచిపోయావా? బావకు దగ్గు తగ్గిందా? మా పిల్ల సౌమ్య నీ మాట వింటోందా? కాలేజీ నుంచి రాగానే ఫోను పట్టుకుని కూర్చుంటే గట్టిగా అరిచి పని చెప్పు. అది నీ దగ్గర ఉందన్న ధైర్యంతోనే నేనిక్కడ నిశ్చింతగా ఉన్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో నేను ఒక మాట చెప్పేలోగా నువ్వు ముక్కు చీదడం మొదలుపెడతావు. అది విని నేను "బాగున్నా అక్కా, బాగున్నా" అని పెట్టేస్తాను. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. ఖతీఫ్‌లో ఒక క్లినిక్కులో నర్సుగా చేసే సుగుణ అని కావలి అమ్మాయి సెలవు మీద వస్తోంది. చెన్నైలో విమానం దిగి రైల్లో వెళ్తూ గూడూరులో దిగి నీకిచ్చి పోతానంది. ఆ పిల్లకు అన్నం పెట్టి పంపు. ఇక్కడ నాకు ఒంట్లో బాగాలేని ప్రతిసారీ మందులు తెచ్చిచ్చింది ఆమే.

పోయినసారి ఫోనులో నువ్వు అడిగావు, "ఏందమ్మే, కాంట్రాక్టు అయిపోవస్తుంది గదా, ఇంక మొత్తానికే వచ్చేస్తుండావా లేదా?" అని. నేను మాట దాటేశాను. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాను. కానీ ముందు జరిగింది చెప్పాలి. చివరిదాకా చదివి, ఆ తర్వాత నన్ను తిట్టు.

నువ్వు ఎడారి, ఎడారి అంటావు గానీ, నేనుండేది దీవి అక్కా. ఖతీఫ్ నుంచి చిన్న వంతెన దాటితే వచ్చేస్తుంది. మొదటిరోజు కారులో కునుకు తీస్తూ వచ్చానేమో, సముద్రం దాటిన సంగతే తెలియలేదు. మేడ మీద బట్టలు ఆరేయడానికి ఎక్కితే ఏ పక్క చూసినా దూరంగా నీళ్లే. ఒకప్పుడు ఇక్కడంతా ఖర్జూరపు తోటలేనట. ఇప్పుడు ఇళ్లు కట్టి కట్టి ఊరైపోయింది. అక్కడక్కడా పాత తోట ముక్కలు మిగిలాయి. అట్లాంటి ముక్క ఒకటి మా ఇంటి వెనుక ఉంది.

ఇల్లు ఉమ్ హసన్ అనే ముసలావిడది. నేను మామా అని పిలుస్తాను. ఇక్కడ ఇంటి ఆడమనిషిని అట్లాగే పిలవాలి. భర్త పోయి చాలా ఏళ్లయింది. పెద్దకొడుకు హసన్ దమ్మామ్‌లో ఇంజనీరు. నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఆయనే, నా కాగితాలన్నీ ఆయన పేరు మీదే. ఆయనను బాబా అంటాను. వారం వారం శుక్రవారం పిల్లలతో వచ్చి, భోజనం చేసి, సాయంత్రానికి వెళ్లిపోతాడు. మొన్నటిదాకా మిగతా రోజుల్లో ఇంట్లో మేమిద్దరమే.

తోటలో పైన ఖర్జూరాలు, వాటి నీడన నిమ్మ, నారింజ, మన దబ్బకాయకు పెద్దమ్మ కూతురిలాగా ఉండే ఉత్రుంజ్ అనే కాయ చెట్టు ఒకటి. దాని లోపలి తెల్లటి గుజ్జునే ముక్కలు కోసుకుని తింటారు. మొదటిసారి నాకు పెడితే నవ్వొచ్చింది, తర్వాత అలవాటైంది. నిమ్మకాయల్ని ఉప్పునీళ్లలో ఉడికించి, నల్లగా అయ్యేదాకా ఎండబెట్టి చేపల అన్నంలో వేస్తారు. నువ్వు చూస్తే "నిగనిగలాడే కాయల్ని బొగ్గు చేసినారే!" అని మొత్తుకుంటావు. కానీ ఆ వాసన బాగుంటుంది అక్కా. వచ్చేటప్పుడు నీకు తెస్తాను.

నేను వచ్చేనాటికి తోట చూసే బంగ్లాదేశ్ మనిషి పని వదిలి దేశం వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరినీ పెట్టలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే నిమ్మచెట్ల ఆకుల అంచులు కాలినట్టు కనిపించేవి. కొమ్మల చివర్లు ఎండిపోయాయి. మామా మాత్రం రోజూ సాయంత్రం కుర్చీ వేయించుకుని ఒకే నిమ్మచెట్టు కింద కూర్చునేది. ఆ చెట్టు ఆమె భర్త పెళ్లయిన కొత్తలో నాటిందట. సగం ఎండిపోయింది, మిగతా సగం ఇంకా కాస్తోంది.

ఒక శుక్రవారం హసన్ బాబా భోజనాల దగ్గర విషయం ఎత్తాడు. అప్పటికి నాకు అరబ్బీ సగం సగం వచ్చు. తోట కొట్టేసి అద్దెకిచ్చే ఇళ్లు కట్టిస్తానని, మామాను దమ్మామ్‌లో తన ఫ్లాటుకు తీసుకుపోతానని, రమణకు ఫైనల్ ఎగ్జిట్ వేయించి మొత్తానికే ఇంటికి పంపిస్తానని చెప్పాడు. నా పేరు వినబడగానే చేతిలో పళ్లెం అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. మామా అవునూ అనలేదు, కాదూ అనలేదు. "ఎండాకాలం పోనీ, తర్వాత చూద్దాం" అంది. ఎండల్లో పనివాళ్లు ఎట్లాగూ దొరకరు కాబట్టి ఆయన సరేనన్నాడు. మర్నాడు ఆమె అన్నం ముట్టలేదు. టీ ఇస్తే తాగింది, అంతే.

నాకు భయం వేసింది అక్కా, అబద్ధం ఎందుకు. ఇంటికి పోవడం ఇష్టం లేక కాదు. ఎవరో పొమ్మంటే మూట కట్టుకుని పోవడం ఇష్టం లేదు. మామా దగ్గరకు వెళ్లి, వచ్చిన అరబ్బీలో చెప్పాను. మాది నిమ్మతోటల ఊరని, నేను పుట్టింది ఆ చెట్ల మధ్యనేనని, నాకు అంట్లు కట్టడం వచ్చని, ఈ చెట్లను నేను చూసుకుంటానని. ఆమె నన్ను పైనుంచి కిందకు చూసి, "ఇన్నాళ్లూ నోరు మూసుకుని నేల తుడిచావా?" అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం.

మొదలుపెట్టడమైతే పెట్టాను గానీ, అంతా తప్పు చేశాను. ఎండలకు చెట్లు దాహంతో ఉన్నాయని రోజూ సాయంత్రం పాదుకు కొంచెం కొంచెం నీళ్లు పోశాను. ఆకులు ఇంకా ఎక్కువ మాడాయి. పాదుల్లో నేల మీద తెల్లటి పొర కట్టింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. చుట్టూ సముద్రం కదా, భూమిలో ఉప్పు, పాత బావిలో నీళ్లూ ఉప్పే. మామా చేతికర్ర ఊపుతూ వచ్చి కేకలేసింది.

"కొంచెం కొంచెం పోస్తే ఉప్పు పైకి వస్తుంది! ఒకేసారి నిండా పెట్టు, ఉప్పు కిందికి పోవాలి. తర్వాత ఆరనియ్యి. మా ఆయన అట్లాగే చేసేవాడు."

"మా ఊళ్లో ఇట్లా చేయరు మామా" అన్నాను నేను.

"మీ ఊరు దీవా?"

ఆమే ట్యాంకరు మంచినీళ్లు తెప్పించింది. నేను పాదులు వెడల్పు చేసి, ఖర్జూరపు ఆకులు పరిచి, ఆమె చెప్పినట్టే నిండా పెట్టాను. కొన్ని వారాలకు కొత్త చిగురు వచ్చింది. బతకవనుకున్న చెట్లలో చాలా భాగం నిలబడ్డాయి.

ఆమె భర్త నాటిన చెట్టు మాత్రం అడుగు నుంచి కుళ్లుతోంది. అది ఎక్కువ కాలం ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. దాని పిల్లలు చేద్దామని నేనే అన్నాను. ఆ విషయంలో నాకు గర్వం ఎక్కువే కదా. మన పద్ధతిలో బతికున్న కొమ్మలకు బెరడు ఒలిచి గూటి అంట్లు కట్టాను. కొబ్బరిపీచు లేక ఖర్జూరపు పీచు తడిపి చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు బిగించాను. తెల్లటి వేర్లు కవరులోంచి కనిపించిన రోజు ఇల్లంతా గంతులేశాను. మామా మాత్రం తల అడ్డంగా ఊపింది. "నిమ్మకు సొంత వేరు వద్దు. ఈ నేలలో నారింజ వేరే ఆగుతుంది" అంది. నేను వినలేదు. కోసి నాటాను. ఆ ఎండలకు ఒక్కొక్కటిగా మాడిపోయాయి. చివరిది కూడా పోయిన సాయంత్రం మోటారు గది వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఆమె వెతుక్కుంటూ వచ్చింది, కర్ర పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. తర్వాత, "లే. నారింజ మొక్కలు చూద్దాం పద" అంది.

నారింజ చెట్ల కింద గింజలు రాలి మొలిచిన మొక్కలు బోలెడు ఉన్నాయి, ఎవరూ పట్టించుకోక వాటంతట అవే పెరిగాయి. వాటిలో వేలి లావు ఉన్నవి ఏరాం. ఎండలు తగ్గాక మొగ్గ అంట్లు కట్టాను. కోడూరు నర్సరీలో కూలికి పోయినప్పుడు నువ్వు నాకు నేర్పావు చూడు, అదే పని. నా పక్కన కూర్చుని, నా వేలు కోసుకుంటానేమోనని నీ వేలు అడ్డం పెట్టేదానివి. ఇక్కడ వంటింటి చాకుకే పదును పెట్టుకున్నాను. మామా చేతులు వణుకుతాయి, కోయలేదు. కానీ ఏ కొమ్మ నుంచి మొగ్గ కన్ను తీయాలో ఆమే చూపించేది, "అది కాదు, అది కాదు, ఆ పక్కది" అంటూ. నేను నారింజ కాండం మీద గాటు పెట్టి, బెరడు తెరిచి, నిమ్మ కన్ను లోపలికి దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో చుట్టాను. ఆమె ముడి పట్టుకునేది.

ఆ తర్వాత వారాలు ఎట్లా గడిచాయో నీకు చెప్పక్కర్లేదు. కన్నుకు వదిలిన ఆకు తొడిమ తాకగానే రాలితే అంటు పట్టినట్టు, ఎండి అంటుకుపోతే పోయినట్టు. నాకు తాకే ధైర్యం లేకపోయింది. ఒక పొద్దున ఆమే కర్ర ఊతంతో వంగి, వేలితో మొదటి దాన్ని తాకింది. తొడిమ రాలింది. కన్ను పచ్చగా ఉంది. రెండోది రాలింది. మూడోది ఎండిపోయింది. చివరికి లెక్క చూడలేదు గానీ, పోయిన వాటికంటే పట్టినవే ఎక్కువ. ఆ రోజు ఆమె తన చేత్తో నాకు అన్నం వడ్డించింది.

చలి మొదలయ్యాక ఒక రోజు హసన్ బాబా మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. మేస్త్రీ పాకిస్తాన్ మనిషి. టేపు పట్టుకుని కొలిచి, తోట మధ్యలోంచి సున్నంతో గీత పోశాడు. గీత మా అంటు మొక్కల మీదుగా పోయింది. నేను పరుగున లోపలికి వెళ్లి చెప్పాను. మామా అబాయా వేసుకుని బయటికి వచ్చింది, కుర్చీ తెమ్మంది. ఆ సున్నపు గీత మీదే వేయించుకుని కూర్చుంది.

"అమ్మా, లోపలికి పద. ఇక్కడ ఎందుకు?" అన్నాడు కొడుకు.

"నాకిక్కడ బాగుంది."

ఆయన చెడ్డవాడు కాదక్కా. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాడు. "పోయిన చలికాలం బాత్రూములో పడ్డావు. రమణ ఉంది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆమె కాంట్రాక్టు అయిపోతోంది, వెళ్లిపోతుంది. తర్వాత నీకెవరు? నా ఫోను మోగిన ప్రతిసారీ నీకేమైందోనని భయం. నాకు ఇళ్లు ముఖ్యం కాదమ్మా. నువ్వు ఒంటరిగా ఉండటం నావల్ల కాదు."

"రమణ వెళ్లిపోతుందని నీకెవరు చెప్పారు?"

"అందరూ వెళ్తారమ్మా."

"ఆమెను అడిగావా?"

అంతవరకూ ఆయన నాతో టీ తెమ్మనో, తలుపు వేయమనో తప్ప మాట్లాడింది లేదు. లేచి నా వైపు తిరిగి, "రమణా, నువ్వు ఉంటావా?" అన్నాడు.

అక్కా, ఆ నిమిషంలో నువ్వు గుర్తొచ్చావు, సౌమ్య గుర్తొచ్చింది. ఫోను చేసి అడిగి చెబుతానని అనొచ్చు. కానీ గీత నేల మీద ఉంది, మేస్త్రీ నిలబడి ఉన్నాడు, ఆమె కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు ఎవరూ నన్ను నీకేం కావాలని అడగలేదు. ఏజెంటు అడగలేదు, విమానం ఎక్కించినవాళ్లు అడగలేదు. ఇప్పుడు ఒకరు అడిగారు.

"ఉంటాను బాబా" అన్నాను. "కానీ నావి కొన్ని మాటలున్నాయి."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. నేను ఆగలేదు. "జవాజ్ ఇందీ" అన్నాను. పాస్‌పోర్టు నా దగ్గరే ఉండాలని. ఏడాదికొకసారి నన్ను ఇంటికి పంపాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మిగతా పొద్దంతా నాది. తోట పని నేను చేస్తాను, ఇల్లు తుడవడానికి ఇంకో మనిషిని పెట్టాలి. నా అరబ్బీ ముక్కలు ముక్కలుగా వచ్చింది గానీ, ఒక్క మాట కూడా తగ్గించుకోలేదు.

ఆయన కాసేపు నా ముఖం చూసి, తర్వాత వాళ్లమ్మ ముఖం చూసి, నవ్వేశాడు. "ఇదంతా నువ్వే నేర్పావు" అన్నాడు ఆమెతో.

"నేను నేర్పింది నీళ్లు పెట్టడం ఒక్కటే" అంది ఆమె.

"సాబ్, లైన్ మిటా దూం?" అని మేస్త్రీ అడిగాడు, గీత చెరిపేయమంటారా అని. మామా లేచి, కర్రతో తనే కొత్త గీత గీసి చూపించింది.

అంతా దక్కిందని అనుకోవద్దు. రోడ్డు వైపు సగం పోయింది. అక్కడ ఇళ్లు లేస్తున్నాయి. కొన్ని ఖర్జూరాలు, ఆ ఉత్రుంజ్ చెట్టు ఆ సగంలోనే ఉన్నాయి. కొట్టిన రోజు మేమిద్దరం బయటికి రాలేదు. వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాం. రంపం చప్పుడు ఆగేదాకా ఒలుస్తూనే ఉన్నాం. ఎవరు తింటారో తెలియనన్ని ఒలిచాం. కానీ వెనక సగం మాది. ప్రహరీ గోడ అంటు మొక్కల దగ్గరకు వచ్చి వంపు తిరిగి పోతుంది. కొత్తగా చూసినవాళ్లు మేస్త్రీకి పని రాదనుకుంటారు.

కాబట్టి అక్కా, జవాబు ఇదీ. మొత్తానికి రావడం లేదు. ఇంకో కాంట్రాక్టుకు ఒప్పుకున్నాను. పాస్‌పోర్టు నా పెట్టెలో ఉంది, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు కూడా కొత్తది వచ్చింది. ఇల్లు తుడవడానికి ఒక కెన్యా అమ్మాయి వచ్చింది, మంచిది, నా చేత పప్పు వండించుకుని తింటుంది. సుగుణకు ఈ సంగతి చెబితే, "ఏందక్కా, ఇంట్లో వాళ్లని ఒక మాట అడగబళ్లా?" అని కోప్పడింది. అడగాలి. అడగలేదు. నీకు కోపం వస్తే రానియ్యి, నేను పడతాను. కానీ నాకు దిగులు లేదక్కా. శుక్రవారాలు కొంచెం ఒంటరిగా ఉంటుంది, అంతే. పండగ రోజుల్లో మన మాట వినబడక చెవులు మూసుకుపోయినట్టుంటాయి. అప్పుడు తోటలోకి పోయి చెట్లతో తెలుగులో మాట్లాడతాను. మామా చూసి, "ఏమంటున్నాయి?" అని అడుగుతుంది.

ఎండలు ముదరకముందే సెలవు మీద వస్తాను. సౌమ్యకు చెప్పు, అమ్మ వచ్చినప్పుడు చదువు సంగతి అంతా కూర్చుని మాట్లాడుకుంటామని. దానికి ఏది చదవాలనిపిస్తే అది ఇప్పటినుంచే ఆలోచించి పెట్టుకోమను. నేను దాన్ని అడుగుతాను.

సుగుణ తిరిగి వచ్చేటప్పుడు కొన్ని పంపు. నీ దగ్గర అంట్లు కట్టే చాకులు రెండున్నాయి కదా, చిన్నది నాకివ్వు. చేతి సంచిలో పెట్టొద్దని ఆ పిల్లకు చెప్పు, విమానం దగ్గర లాక్కుంటారు, పెద్ద పెట్టెలో పెట్టమను. కొంచెం ఇంగువ, ఎండుమిరపకాయలు. నిమ్మకాయ పచ్చడి మాత్రం పంపొద్దు, నవ్వుతారు. గోంగూర పంపు.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పోయిన శుక్రవారం హసన్ బాబా అంటు మొక్కల దగ్గర చాలాసేపు తిరిగాడు. వాళ్ల నాన్న నాటిన చెట్టు పిల్లలని ఇప్పుడు ఆయనకూ తెలుసు. వెళ్లేముందు వాళ్లమ్మతో, "ఒక మొక్క కుండీలో పెట్టివ్వమ్మా, ఫ్లాటు బాల్కనీలో పెట్టుకుంటాను" అని అడిగాడు.

"ఇవ్వను" అంది ఆమె. "చూడాలనిపిస్తే ఇక్కడికి రా."

మొన్న మంగళవారం వచ్చాడు. ఆఫీసు నుంచి నేరుగా, బూట్లకు మట్టి అంటించుకుని, ఆమె పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

బావకు నా నమస్కారాలు. సౌమ్యకు ముద్దులు. వీధిలో నన్ను అడిగినవాళ్లందరికీ బాగుందని చెప్పు, అది నిజమే కాబట్టి నీకు కష్టం ఉండదు. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు క్షేమంగా తిరిగి రావాలని దీవించి పంపావు. ఈసారి వేరేగా దీవించు అక్కా. పట్టుకున్న పనిలో నా చేయి తిరగాలని దీవించు.

నీ పాదాలకు మళ్లీ మళ్లీ దండం పెడుతూ,

నీ చెల్లెలు
రమణ